నల్లగోడ మీద సుద్దగీత

పగులు ఫొటోలో పడదు. ఆ పనిలో దిగినవాళ్ళకే తెలిసే సంగతి ఇది. గోడ ముందు నిలబడి చూస్తే గుండె గుభేలుమనిపించే పగులు, కెమెరా ఎత్తేసరికి ఎక్కడ దాక్కుంటుందో దాక్కుంటుంది. అందుకే, భూకంపాలు వచ్చిపోయిన ఆ నగరంలో ఇల్లిల్లూ తిరిగి ఫొటోలు తీసే ఆమె సంచిలో కెమెరా, మాటలు పట్టే చిన్న రికార్డరుతో పాటు ఎప్పుడూ కాసిని సుద్దముక్కలు కూడా ఉండేవి. పగులు ఎక్కడ పుట్టిందో వేలితో తడిమి చూసుకోవాలి. దాని వెంబడే సుద్దతో గీసుకుంటూ పోవాలి. అప్పుడు వెనక్కి జరిగి ఫొటో తీయాలి. తెల్లగోడకి నీలం సుద్ద, ముదురు రంగు గోడకి తెల్లసుద్ద. ఇందులో మోసమేమీ లేదు. ఉన్నదాన్ని కనబడేలా చెయ్యడమే.

ఆమెకి ఈ పని అప్పగించింది నగరం ఆఫీసు. కూల్చబోయే ఇళ్ళకీ, కూల్చాలో వద్దో ఇంకా తేలని ఇళ్ళకీ ఒక్కో ఫొటో, ఆ ఇంటి మనిషి నోట నాలుగు మాటలు. ఊరు ఎలా ఉండేదో, ఏం పోగొట్టుకుందో రేపటివాళ్ళకి తెలియాలి కదా అని వాళ్ళ ఉద్దేశం. మంచి ఉద్దేశమే. స్టూడియోలో జనాన్ని ఎత్తుపీట మీద కూర్చోబెట్టి "గడ్డం కాస్త దించండి, నవ్వకండి" అని చెప్పుకుంటూ బతికిన మనిషి, ఆ స్టూడియో కూలిపోయాక ఊరందరికీ 'ఫొటో పిల్ల' అయిపోయింది. ఇప్పుడు ఏ సందులోకి వెళ్ళినా ఎవరో ఒకరు కుర్చీ వేస్తున్నారు.

ఆ పొద్దున ఆమె, బట్టలు ఇస్త్రీ చేసి బతికే, అందరూ ఇస్త్రీ వదిన అని పిలిచే ఆవిడ ఇంటికి బయల్దేరింది ఫొటో కోసం కాదు. ఫొటో తీసి చాలా రోజులైంది. అది మామూలు ఫొటో కూడా కాదు, ఆఫీసు గుమ్మంలో నిలువెత్తున వేలాడదీసిన ఫొటో, పేపర్లో పడ్డ ఫొటో. బొగ్గుల పొగ పట్టి నల్లబడ్డ గోడ. కిటికీ మూల నుంచి కప్పు దాకా పాకిన తెల్లటి పగులు. దాని కింద, ఇస్త్రీపెట్టె మీద ఒంటి బరువంతా మోపి వంగిన ఆడమనిషి. చూసినవాళ్ళెవరూ ఊరికే దాటిపోలేదు. మెచ్చుకోళ్ళ హడావిడిలో అసలు పని మిగిలిపోయింది. ఆ ఇంటి నాలుగు మాటలు రికార్డు చెయ్యడం బాకీ ఉంది.

సందు మలుపు తిరిగి తలెత్తేసరికి ఆమె కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఇస్త్రీ వదిన ఇంటి తలుపు మీద ఎర్రరంగుతో పెద్ద సున్నా. ఎర్రసున్నా అంటే కూల్చివేత. ఆ ఊళ్ళో చంటిపిల్లలకి కూడా అర్థం తెలిసిన గుర్తు అది.

"రా పిల్లా," అంది ఇస్త్రీ వదిన. బల్లని వీధిలోకి లాక్కుని, రేకు నీడన చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. కరెంటు రాలేదు కాబట్టి అటక మీది పాత బొగ్గుల పెట్టె మళ్ళీ కిందికి దిగింది. "చూశావా, మా తలుపుకి బొట్టు పెట్టి పోయారు. మేం గుడారం దగ్గర నీళ్ళ కోసం నిలబడ్డప్పుడు ఎవరో వచ్చి పెట్టేశారు. ఎల్లుండి మిషను వస్తుందట."

"ఎందుకట?" అంది ఆమె, తెలియనట్టు.

"ఎందుకేంటి, పగులుంది కదా." ఇస్త్రీ వదిన చొక్కా మీద నీళ్ళు చిలకరించి, కాలరు వెనక్కి తిప్పి, పెట్టె మొనతో అంచు నొక్కింది. "ఒక మాట చెప్పనా? మా గోడకి అంత పగులుందని నాకే తెలీదు. ఆ రోజు నువ్వు గీస్తుంటే నేను వెనక్కి తిరిగి చూసుకోలేదు, చొక్కా మాడుతుందని. తర్వాత చూస్తే కప్పు దాకా నీ సుద్ద. నిజంగానే అంత దాకా పోయిందా?"

ఇక్కడ ఆమె నిజం చెప్పాల్సింది. చెప్పడానికి ఇంతకన్నా మంచి అదను దొరకదు, అడిగిన మనిషి మొహంలో కోపం కూడా లేదు. కానీ ఆమె సంచి పట్టీ సవరించుకుంటూ, "పోయింది వదినా. సన్నటిది. కంటికి ఆనదు," అంది.

అసలు పగులు జానెడు. కిటికీ మూలన మొదలై జానెడు దూరం పోయి ఆగిపోయింది. ఆమె చెయ్యి మాత్రం ఆగలేదు. కిటికీలోంచి ఏటవాలుగా ఎండ పడుతోంది, నల్లగోడ మీద తెల్లగీత మెరుస్తోంది, గీత ఇంకొంచెం పైకి పోతే వంగిన మనిషి తల మీదుగా సరిగ్గా వస్తుంది. అంతే. అబద్ధం చెబుతున్నానని ఆ క్షణంలో తోచలేదు. ఫొటో బాగుంటుందనే తోచింది.

"మా ఇల్లు పేపర్లో పడ్డ ఇల్లు," అంది బోర్లించిన తొట్టి మీద కూర్చున్న అత్తగారు. ఆవిడకి నడుం వంగిందే గానీ నాలుక వంగలేదు. "పేపర్లో పడ్డ ఇంటిని కూడా కూలుస్తారటే? ఇంక పేపర్లో పడి ఏం లాభం?"

"నువ్వు కాసేపు ఊరుకో అత్తా. ఇదిగో, అది పెట్టు పిల్లా, నా నాలుగు మాటలూ చెప్పేస్తా. మళ్ళీ ఈ చొక్కాల మనిషి వస్తాడు. కాగితం పట్టుకుని ఆఫీసులో సారు ముందు నిలబడాలట, ముడతల చొక్కాతో వెళ్తే పని కాదట. ఊరు కూలినా ముడతలు మాత్రం ఉండకూడదు."

ఆమె రికార్డరు బల్ల మీద పెట్టింది.

"ఆ రోజు నేల కదలగానే చేతిలో ఉన్న పెట్టె చేతిలోనే పట్టుకుని వీధిలోకి పరిగెత్తాను. అందరూ పిల్లల్ని ఎత్తుకొచ్చారు, నగలు తెచ్చుకున్నారు. నేను ఇస్త్రీపెట్టె తెచ్చుకున్నా. వీధిలోకొచ్చి ఊపిరి పీల్చుకున్నాక అప్పుడు గుర్తొచ్చింది, లోపల మంచం మీద అత్త ఉందని." ఇస్త్రీ వదిన చొక్కా మడత పెట్టడం ఆపింది. "అత్తని మర్చిపోయాను."

"ఇన్నేళ్ళ కాపురంలో ఇస్త్రీపెట్టె పాటి చెయ్యలేకపోయాను," అంది అత్తగారు తొట్టి మీద నుంచి. రోజూ అంటున్న మాటే కాబోలు, కోడలు నవ్వలేదు, ఉలిక్కిపడనూ లేదు.

"మళ్ళీ లోపలికెళ్ళి తెచ్చాననుకో. కానీ మర్చిపోవడం మర్చిపోవడమే కదా. ఇంక చాలు, ఆపెయ్."

ఆమె రికార్డరు ఆపింది. ఇల్లు గురించి ఒక్క మాటా రాలేదని తర్వాత గుర్తొచ్చింది, కానీ అడగడానికి ఆమెకి మొహం చెల్లలేదు.

అక్కడి నుంచి తిన్నగా ఆఫీసుకి వెళ్ళింది. ఎర్రసున్నాలు పెట్టే ఇంజినీరుకి చెప్పేద్దాం, నాలుగు తిట్లు తిందాం, సున్నా చెరిపించేద్దాం, అనుకుంటూ దారంతా మాటలు కూర్చుకుంది. గుమ్మంలో గుమాస్తా చేతులు తిప్పుతూ ఎదురొచ్చాడు. "వచ్చావా తల్లీ, నీ ఫొటో ముందు జనం ఆగిపోయి లోపలికి దారే ఉండట్లేదు. తీసి పక్కన పెడదామంటే సారు వద్దంటున్నారు. ఏం చేస్తాం, ఇప్పుడు నీ ఫొటోలే కదా మాకు ఆధారం."

ఆధారం. ఆ మాట ఆమె చెవిలో దిగబడిపోయింది.

లోపల వరసలో జనం. వరస మధ్యలోంచి తాళాలు బాగుచేసే ఆయన ఆమెని చూసి చెయ్యెత్తాడు. ఆయన ఇల్లు వీధివైపు నిక్షేపంగా ఉంటుంది, వెనక వైపు మొత్తం కూలిపోయింది. ముందు నుంచి చూసిపోయిన వాళ్ళంతా ఇల్లు బాగానే ఉందన్నారు. ఆమె వెనక సందులోకి దూరి, మట్టిగుట్ట ఎక్కి ఫొటో తీసింది. "ఉండడానికి గది ఇచ్చారమ్మా," అన్నాడాయన. "నీ ఫొటో లేకపోతే మమ్మల్ని అబద్ధాలకోరుల కింద కట్టేసేవాళ్ళు. చల్లగా ఉండు." ఆయన పక్కన ఇంకెవరో, ఆయన వెనక ఇంకెవరో. చాలామంది మొహాలు ఆమెకి తెలుసు. వాళ్ళ గోడలు ఇంకా బాగా తెలుసు.

ఇంజినీరు గది తలుపు తెరిచే ఉంది. ఆయన్ని అందరూ సుత్తి సారు అంటారు. ఎప్పుడూ చేతిలో చిన్న సుత్తి ఉంటుంది, దాంతో గోడల్ని తట్టి చెవి ఒగ్గి వింటాడు. పేరుకి సుత్తి సారే గానీ మనిషి నోటి నుంచి పూటకి పది మాటలు రాలితే గొప్ప. బల్ల మీద ఫొటోలు పరుచుకుని చూస్తున్నాడు. తలెత్తి, "ఏమ్మా?" అన్నాడు.

ఆమె నోరు తెరిచింది. ఒక్క గీత అబద్ధమని చెబితే మిగతా గీతల్ని ఎవరు నమ్ముతారు? తాళాలాయన గది ఉంటుందా? వరసలో ఉన్నవాళ్ళందరి కాగితాలూ మళ్ళీ మొదటికి రావా? మంచి కారణమే. కాకపోతే వెనక్కి తగ్గాలనుకున్న మనిషికి ఎప్పుడూ మంచి కారణమే దొరుకుతుంది.

"ఏం లేదు సార్. కొత్త వీధి ఎప్పుడు మొదలుపెట్టమంటారో అడుగుదామని," అంది.

"రేపు," అన్నాడాయన.

ఆ సాయంత్రం అక్క ఇంట్లో కంచం ముందు కూర్చుంది. స్టూడియో పోయినప్పటి నుంచీ అక్క దగ్గరే ఉంటోంది. అక్క అన్నంలో తిరుగుతున్న వేళ్ళని చూసి, "కెలకడానికి కాదు పెట్టింది, తినడానికి," అంది. తర్వాత మెత్తబడి, "ఏమైందే? ఎవరైనా ఏమైనా అన్నారా?" అంది. ఎవరూ ఏమీ అనలేదు. అదే అసలు కష్టం. ఎవరైనా నాలుగు మాటలంటే బావుణ్ణనిపించింది ఆమెకి. నడుం వాల్చి కళ్ళు మూసుకుంటే చాలు, నల్లగోడ మీద తన చెయ్యి పైకి పాకుతూ కనిపించింది.

తెల్లారాక ఆమె కొత్త వీధికి వెళ్ళలేదు. సంచిలో తడిగుడ్డ పెట్టుకుని ఇస్త్రీ వదిన దగ్గరికి వెళ్ళింది. ఇంజినీరుకి చెప్పలేని మాట ఇక్కడైతే చెప్పగలననిపించింది. ఎందుకంటే ఇక్కడ వరస లేదు, తాళాలాయన లేడు, ఉన్నది ఇద్దరు ఆడవాళ్ళు. తిట్టినా పడొచ్చు.

"వదినా, ఒకసారి లోపలికి రా," అంది.

"లోపలికి వెళ్ళకూడదన్నారుగా?"

"ఒక్క నిమిషం."

గదిలో సామాను సగం మూటలు కట్టి ఉంది. వెనక గోడకి ఆనించిన చెక్క అల్మారా నిండా ఇంకా జనం బట్టల మూటలు, ఒక్కో మూటకీ ఒక్కో రంగు దారం. ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళి, తడిగుడ్డతో సుద్దగీత పై నుంచి తుడవడం మొదలుపెట్టింది. కప్పు దగ్గర గోడ నున్నగా ఉంది. కొంచెం కిందికి వచ్చింది. అక్కడా నున్నగానే ఉంది. తెల్లటి నీళ్ళు ఆమె మోచేతి దాకా కారాయి. చివరికి కిటికీ మూలన జానెడు పగులు మాత్రం మిగిలింది.

"ఇంతే వదినా," అంది, వెనక్కి తిరక్కుండానే. "పగులు ఇంతే. పైదంతా నేను గీసింది. ఫొటో బాగా వస్తుందని గీశాను. నిన్న నువ్వు అడిగితే కూడా అబద్ధం చెప్పాను. నీ ఇంటికి ఏమీ కాలేదు. నా ఫొటో చూసి సున్నా పెట్టారు."

ఇస్త్రీ వదిన దగ్గరికొచ్చి, బొటనవేలితో గోడని తడిమింది, పగులు ఆగిన చోటి నుంచి పైకి, చెయ్యి అందినంత మేర.

"ఇంతేనా?"

"ఇంతే."

"మా మీద ఒట్టు?"

"ఒట్టు వదినా."

ఇస్త్రీ వదిన చెంగుతో మొహం తుడుచుకుంది. ఏడుస్తోందనుకుని ఆమె బిగుసుకుపోయింది. తీరా చూస్తే నవ్వుతోంది. గుమ్మం వైపు తిరిగి, "అత్తా! ఇంటికేమీ కాలేదట! సుద్దట! వట్టి సుద్దట!" అని అరిచింది.

"నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నా," అంది అత్తగారు. నిజానికి ఆవిడ ఎప్పుడూ మొత్తుకోలేదు, అయినా ఆ పూట ఎవరు కాదంటారు? "ఆ గుడారంలో నేల చలికి నా కీళ్ళు కొయ్యబారిపోయాయి. ముందు నా మంచం లోపల వెయ్యండి. తర్వాత మీ సుద్దా సున్నమూ మాట్లాడుకోవచ్చు."

"ఇంజినీరుకి చెప్పావా?" అని అడిగింది ఇస్త్రీ వదిన.

"చెబుతా. ఇప్పుడే వెళ్ళి చెబుతా."

మంచం ఒక కొస ఇస్త్రీ వదిన పట్టుకుంది, రెండో కొస ఆమె పట్టుకుంది. పాత చోటే, వెనక గోడ పక్కన, అల్మారాకి ఆనుకుని వేశారు. అత్తగారు ఎక్కి కూర్చుని నులకని అరచేత్తో తట్టి చూసుకుంది. తిడతారనుకున్నవాళ్ళు మంచినీళ్ళిచ్చారు. ఒక్క మాట కూడా అనలేదు. నిన్నంతా ఇంత తేలికైన పనికి ఎందుకు భయపడ్డానా అని ఆమెకి సిగ్గేసింది.

ఆఫీసుకి వెళ్ళేసరికి సుత్తి సారు ఊరి ఆ చివరికి వెళ్ళాడన్నారు. రేపు పొద్దున గానీ రాడట. మిషను వచ్చేది కూడా రేపు మధ్యాహ్నమేగా, పొద్దున్నే పట్టుకుంటే సరిపోతుంది, అనుకుంది. నిజం చెప్పాలంటే ఆయన లేడనగానే ఆమెకి కాస్త హాయిగా కూడా అనిపించింది. ఆ పూట కడుపునిండా తిని, ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. పొద్దున అక్క భుజం పట్టి కుదిపితే గానీ లేవలేదు.

సుత్తి సారు ఆమె చెప్పినదంతా విన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. ఆమె తల దించుకుని, బల్ల అంచు చూస్తూ చెప్పింది. సుద్ద గీశానంది, ఆ ఇల్లు బాగానే ఉందంది, మిగతా ఫొటోల్లో ఒక్క గీత కూడా అబద్ధం లేదంది, కావాలంటే తనని పనిలోంచి తీసేయమంది.

"ఆ గీత సుద్దని నాకు తెలుసమ్మా," అన్నాడాయన.

ఆమె తలెత్తింది.

"ఫొటో చూసి వెళ్ళాను. గోడ దగ్గరికెళితే తెలిసిపోయింది. ఫొటోలు చూసి ఇళ్ళు కూల్చేస్తామా? అయితే నాకీ సుత్తి ఎందుకు?"

"మరి సున్నా?"

"ముందు గోడ కాదు. వెనక గోడ. కూలిన పక్కింటి మట్టి ఎత్తేశాక ఆ సందులోంచి చూశాను. అడుగున మూల మొత్తం చితికిపోయింది. కప్పు బరువు దాని మీదే ఉంది."

"వాళ్ళకి చెప్పలేదా?"

"ఇంట్లో ఎవరూ లేరు. సున్నా పెట్టాను కదా, ఎవరూ లోపలికి వెళ్ళరులే అని…" ఆయన మాట పూర్తి చెయ్యలేదు. ఆమె మొహం చూసి లేచి నిలబడ్డాడు. "లోపలికి వెళ్ళారా?"

నిన్న మంచం రెండో కొస పట్టుకుని లోపల వేసింది తనే.

ఆ ఆఫీసు నుంచి ఆ సందుకి పెద్ద దూరమేమీ కాదు. ఆమె సగం దూరం పరిగెత్తింది. తన ఫొటో ఒక ఇంటిని కూల్చేస్తోందని మొన్నంతా కుమిలిపోయింది కదా, ఆ ఫొటోని ఎవరూ లెక్క చెయ్యనే లేదు. లెక్క చేసింది ఆమె మాటని. ఆ మాట నమ్మి ఇద్దరు మనుషులు ఆ గోడ పక్కన పడుకున్నారు.

ఇంటి ముందు రేకు కింద బల్ల లేదు. లోపల ఉంది. పెట్టెలో బొగ్గులు ఎర్రగా రాజుకుని ఉన్నాయి, ఇస్త్రీ వదిన ఏదో పాట లాంటిది గొణుక్కుంటూ లాగు మడత నొక్కుతోంది. వెనక గోడ పక్కన, మంచం మీద, గోడ వైపు తల పెట్టుకుని అత్తగారు పడుకుని ఉంది.

"బయటికి రండి," అంది ఆమె ఎగశ్వాసతో. "వదినా, అత్తమ్మని లేపు, బయటికి రండి."

"ఏమైంది? సారు చెరిపేస్తానన్నారా?"

"ఆ గోడ కాదు వదినా. వెనకది. వెనకది పోయిందట."

ఇస్త్రీ వదిన పెట్టె పక్కన పెట్టి ఆమె మొహంలోకి చూసింది. అత్తగారు ఒక కన్ను తెరిచింది. "మొన్న ఉందన్నావు. నిన్న లేదన్నావు. ఇవాళ మళ్ళీ ఉందంటున్నావు. నువ్వు ఫొటోలు తీసుకోవే అమ్మా, మాటలు నీకు అచ్చిరాలేదు," అని అటు తిరిగి పడుకుంది.

ఒట్టు వేద్దామంటే ఒట్టు కూడా నిన్ననే ఖర్చయిపోయింది.

ఆమె వెనకే వచ్చిన సుత్తి సారు లోపలికొచ్చి, అల్మారాని పక్కకి జరపమన్నాడు. ముగ్గురూ కలిసి జరిపారు. దాని వెనక సున్నం పైకి బాగానే ఉంది, మచ్చ కూడా లేదు. ఆయన మొదట కిటికీ గోడని తట్టాడు. టంగుమంది. తర్వాత వంగి, వెనక గోడ అడుగున తట్టాడు. ఆ చప్పుడు వేరు. ఖాళీ డబ్బా మీద కొట్టినట్టుంది.

ఆయన సుత్తిని ఇస్త్రీ వదినకి అందించబోయాడు. ఆవిడ తీసుకోలేదు. వంగి, పిడికిలితో తనే కొట్టింది. కిటికీ గోడ దగ్గరికెళ్ళి కొట్టింది. మళ్ళీ వెనక్కొచ్చి, అత్తగారి తలగడ పక్కన, మోకాళ్ళ మీద కూర్చుని కొట్టింది. సున్నం పెచ్చు ఒకటి ఊడి మంచం కింద పడింది. దాని వెనక ఇటుక లేదు, ఇటుకల పొడి ఉంది. కాస్త పొడి నేల మీదికి జారి ఆగింది.

ఇస్త్రీ వదిన లేచింది. బిందెలోంచి చెంబుతో నీళ్ళు ముంచి, పెట్టె మూత తీసి, బొగ్గుల మీద పోసింది. గది నిండా ఆవిరి కమ్మింది.

"అత్తా, లే," అంది.

"నేను లేవను. ఒక్క రాత్రే పడుకున్నా నా చోట్లో. పోతే ఇక్కడే పోతా."

"లేవకపోతే మానెయ్." ఇస్త్రీ వదిన మంచం తలవైపు కొస పట్టుకుంది. కాళ్ళ వైపు ఆమె పట్టుకుంది. సుత్తి సారు సుత్తి జేబులో దోపుకుని మధ్యలో పట్టాడు. సందులో పోతున్న చొక్కాల మనిషి అప్పుడే తన చొక్కా కోసం తొంగిచూశాడు, అతన్నీ పిలిచారు. నలుగురూ మంచాన్ని ఎత్తి, గుమ్మంలో ఓరగా తిప్పి, వీధిలోకి తెచ్చారు. అత్తగారు పట్టెలు రెండూ గట్టిగా పట్టుకుని కూర్చుంది.

"నలుగురు మోసేది ఒక్కసారే అనుకున్నా," అంది ఆకాశం చూస్తూ. "ఇదేంటి, అడ్వాన్సా?"

చొక్కాల మనిషి నవ్వేశాడు. ఇస్త్రీ వదిన నవ్వలేదు. మంచం దించగానే అత్తగారి పాదాలు రెండూ చేతుల్లోకి తీసుకుని, అవి ఉన్నాయో లేవో అన్నట్టు నొక్కి చూసింది. చాలాసేపు వదల్లేదు.

మధ్యాహ్నం మిషను వచ్చింది. ఆలోగా బట్టల మూటలన్నీ సుత్తి సారు మనుషులు కిటికీలోంచి తీసి ఇచ్చారు, ఒక్క దారం కూడా తెగలేదు. సందు రెండు చివర్లా తాళ్ళు కట్టారు. రూలు ప్రకారం కూల్చేముందు చివరి ఫొటో ఒకటి తియ్యాలి. ఆమె తాడు ఇవతల నుంచి, తెరిచి ఉన్న తలుపులోంచి వెనక గోడని తీసింది. సంచిలో సుద్దముక్కలు ఉన్నాయి. వాటి జోలికి పోలేదు. తీసిన ఫొటో చూసుకుంటే అందులో గోడ నిక్షేపంలా ఉంది. రేపు ఎవరికి చూపించినా, ఇంత మంచి ఇంటిని ఎందుకు కూల్చారంటారు.

ఇస్త్రీ వదిన ఎప్పుడొచ్చిందో పక్కన నిలబడి ఉంది. కోపంగా లేదు. కోపంగా ఉన్నా ఆమెకి ఇంత భయమేసేది కాదు.

"మొన్న ఇంటి గురించి ఏం చెప్పలేదుగా," అంది. "పెట్టు."

ఆమె రికార్డరు తీసి నొక్కి పట్టుకుంది. ఎర్రచుక్క వెలిగింది.

"ఆ రోజు అత్తని మర్చిపోయి ఇస్త్రీపెట్టె తెచ్చుకున్నా. ఆ తప్పు నాది. దాన్ని నేనే మోసుకు తిరుగుతున్నా. ఎవరి నెత్తినా పెట్టలేదు." మిషను ఇంజను మొదలైంది. ఆవిడ గొంతు కొంచెం పెంచింది. "నువ్వు నీది మొయ్యలేకపోయావు పిల్లా. తెచ్చి మా ఇంట్లో దించి, తేలిగ్గా పోయావు. నీ మాట నమ్మి నేను అత్త మంచం ఎక్కడ వేశాను? ఆ గోడ పక్కన. ఒకసారి మర్చిపోయాను, రెండోసారి నా చేతులతో వేశాను."

"వదినా…"

"చెప్పనీ. చెప్పమంది నువ్వేగా." ఆవిడ తాడు మీద చెయ్యి వేసింది. "ఒక్కటి అడుగుతా. నిన్న రాత్రి నీకు నిద్ర పట్టిందా?"

లేదని చెబుదామని ఆమె నోటిదాకా వచ్చింది. చెబితే కాస్త మర్యాదగా ఉంటుంది. వినే మనిషికి కూడా కాస్త ఊరటగా ఉంటుంది. ఎర్రచుక్క వెలుగుతూనే ఉంది.

"పట్టింది," అంది. "చాలా రోజుల తర్వాత."

ఇస్త్రీ వదిన తల ఊపింది, ఆ జవాబు ముందే తెలిసినట్టు.

"మాకూ పట్టింది," అంది.

ఆమె రికార్డరు ఆపడం మర్చిపోయింది. ఆ మాట తర్వాత అందులో ఇంకెవరి మాటా లేదు. కాసేపటికి గోడ పడ్డ చప్పుడు ఉంది.